వైఫల్యాల క్యాలెండరు

మా కాలువ మీద చెడిపోయిన వస్తువులకు ఎప్పుడూ లోటు లేదు. అందుచేత, బాగున్నవాటిని కూడా పద్ధతి ప్రకారం చెడగొట్టే పథకం ఒకటి వస్తోందని విన్నప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఇంతకాలం మేము అనుభవిస్తున్నదానికి ఇప్పటికి పేరు పెట్టారనుకున్నాను.

మాది కాలువ చివరి ఊరు. కాలువ పొడుగునా నలభై రెండు తూములు. ఒకటోది రిజర్వాయరు దగ్గర, నలభై రెండోది నా చేను గట్టున. నీళ్ళు ఒక్కొక్క తూమూ దాటుకుంటూ రావాలి. పైవాళ్ళు పెట్టుకోగా మిగిలింది మాకు. మిగలడం అరుదు.

రెండేళ్ళ కిందట ప్రతి తూముకూ ఒక ఇనప పెట్టె బిగించారు. లోపల కంప్యూటరు, నెత్తిన సోలారు పలక, పక్కన ఏరియలు. ఆ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఏ తూము షట్టరు ఎంత ఎత్తాలో అవే తేల్చుకుని అవే ఎత్తుకుంటాయి. వాటిలో పెద్ద అంటూ ఎవరూ లేరు. ఒక పెట్టె చస్తే అటూ ఇటూ ఉన్న రెండు పెట్టెలు దాని లెక్క కూడా చూసుకుని, అధికారుల ఫోన్లకు కబురు పంపుతాయి. దీనివల్ల చివరి తూముకు కూడా వంతు ప్రకారం నీళ్ళు అందుతాయని చెప్పారు. ఒక ఏడాది నిజంగానే అందాయి కూడా. ఆ మాట నమ్మి మరుసటేడు మూడెకరాల్లో రెండో పంట వరి నాటాను. ఈ కథ ఆ మూడెకరాలది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి కాలువ బంగళాలో మీటింగు పెట్టారు. చివరి ఆయకట్టు నీటి సంఘం కార్యదర్శిని కాబట్టి నన్నూ పిలిచారు. పెట్టెల సాఫ్ట్‌వేరు రాసిన కంపెనీ నుంచి ప్రణవి అనే అమ్మాయి వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంది. నిలబడి సూటిగా చెప్పింది.

"ఏ పెట్టె అయినా ఏదో ఒకరోజు చెడిపోతుంది సార్. అది ఎలాగూ తప్పదు. మనకి కుదరని రోజున అదే చెడిపోయేలోపు, మనకి కుదిరిన రోజున మనమే ఒకదాన్ని ఆపి చూడాలి. మిగతావి సర్దుకుంటే మంచిదే. సర్దుకోకపోతే లోపం ఎక్కడుందో తెలుస్తుంది, దిద్దుకుంటాం. ఒకసారికి ఒక్కటే. పది నిమిషాలు. ఎవరికీ ముందు చెప్పకూడదు. తేడా వస్తే వెంటనే ఆపెయ్యాలి. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తాయి."

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. అయినా నాకు అర్థమైంది. సూపరింటెండింగ్ ఇంజనీరు విశ్వపతి గారికి అంతకంటే ఎక్కువ అర్థమైంది. చిక్కు అక్కడే వచ్చింది.

ఆయన లేచి కండువా సర్దుకున్నారు. "అద్భుతం. ఇంతవరకు మన శాఖయందు వైఫల్యములు అస్తవ్యస్తముగా, ఒక విధానమనేది లేకుండా, ఎవరి ఇష్టం వచ్చినట్లు వారికి సంభవించినవి. ఇకమీదట అవి ప్రణాళికాబద్ధముగా, లక్ష్యనిర్దేశముతో, జవాబుదారీతనముతో సంభవించును."

"సార్, ముందు చెప్పకూడదని అన్నాను" అంది ప్రణవి.

"ప్రభుత్వంలో నోటీసు లేకుండా ఏదీ జరగదమ్మా. ఏడు పనిదినములు. మూడు ప్రతులు."

నా పక్కన ఖాసిం కూర్చున్నాడు. ముప్పయ్యొకటి నుంచి నలభై రెండు దాకా తూములు చూసుకునే లస్కరు. పెట్టె మొరాయిస్తే చేత్తో చక్రం తిప్పి షట్టరు ఎత్తడం అతని ఉద్యోగం. నా చెవి దగ్గరికి వంగాడు.

"మావా, మన నలభై రెండో తూము షట్టరు అప్పట్లో నోటీసు లేకండానే ఊడిపొయ్యింది. అది చెల్లదేమో."

ప్రణవి చెప్పినట్టు ఏ పెట్టెను ఎప్పుడు ఆపాలో చీటీలు తీసి తేల్చాలి. చీటీలు తీశారు. కానీ ఏడాది మొత్తానికి ఒకేరోజు తీసి, తేదీలు వేసి, అచ్చుకొట్టించారు. ఆదివారాలు, రెండో శనివారాలు, పండగలు తీసేశారు. ఎస్.ఈ. విశ్వపతి గారి అమ్మాయి పెళ్ళి వారం తీసేశారు. అందరూ ఒప్పుకున్న మీదట రాహుకాలం కూడా తీసేశారు. చెడగొట్టడమైనా మంచి గడియలో చేస్తే మంచిదని ఒక ఈ.ఈ. గారు సూచించారు. 'ఉద్దేశపూర్వక వైఫల్య క్యాలెండరు' అని పైన రంగు అక్షరాలతో వేసి, ప్రతి సెక్షను ఆఫీసు గోడకూ ఒకటి తగిలించారు. నాకూ ఒకటి ఇచ్చారు. కాగితం మంచిదే.

మొదటి పరీక్ష తొమ్మిదో తూము మీద. పెట్టెను నిజంగానే ఆపారు. ఎనిమిది, పది పెట్టెలు రెండు నిమిషాల్లో పసిగట్టి సర్దుకున్నాయి. నీళ్ళు చుక్క తగ్గలేదు. ప్రణవి ముఖం వెలిగింది. ఆ వెలుగు పావుగంట ఉంది.

ఎందుకంటే పెట్టెలు పద్ధతి ప్రకారం అధికారులందరి ఫోన్లకూ 'తొమ్మిదో తూము విఫలం' అని కబురు పంపాయి. ఆ సమయానికి రాజధానిలో చీఫ్ ఇంజనీరు గారు మంత్రి పక్కన కూర్చుని, మన కాలువల్లో ఒక్క తూము కూడా చెడిపోదని చెబుతున్నారట. ఫోను మోగింది. సాయంత్రానికి రెండు సర్క్యులర్లు వచ్చాయి.

మొదటిది: 'పరీక్షల సందర్భముగా ఉన్నతాధికారుల మనశ్శాంతికి భంగము కలుగకుండునట్లు, పెట్టెల నుండి వెలువడు హెచ్చరిక సందేశములు తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది.'

రెండవది: 'ఇకపై పెట్టెను ఆపవలసిన అవసరము లేదు. నిర్ణీత సమయమున దానిపై ఎర్రని వస్త్రము కప్పవలెను. అట్లు కప్పబడిన పెట్టె విఫలమైనట్లు భావించవలెను.'

ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల్లో పదకొండు తూముల మీద ఎర్రగుడ్డ కప్పారు. పదకొండూ నెగ్గాయి. ప్రణవి ఎస్.ఈ. గారి దగ్గరికి వెళ్ళింది. ఏమడిగిందో, ఏం చెప్పారో ఖాసిం విన్నాడు.

"సార్, గుడ్డ కప్పితే పెట్టెకు తెలీదు కదా."

"పెట్టెకు తెలియనవసరం లేదమ్మా. ఫైలుకు తెలిస్తే చాలు."

ఎర్రగుడ్డ బాగా పనిచేసేసరికి ఎస్.ఈ. గారి ఆలోచన విస్తరించింది. యంత్రాల సంగతి తేలింది, మరి మనుషుల మాటేమిటి? పెట్టె లేకపోయినా కాలువ ఆగనప్పుడు మనిషి లేకపోయినా ఆగకూడదు కదా. దీనికి 'మానవ వనరుల వైఫల్య పరీక్ష' అని పేరు. వంతుల వారీగా ఒక్కొక్క ఉద్యోగి విఫలమైనట్లు భావించబడాలి. అతను డ్యూటీకి రావాలి, భుజానికి ఎర్రపట్టీ కట్టుకోవాలి, కుర్చీలో కూర్చోవాలి, ఏమీ చేయకూడదు. లస్కర్లకు పదిహేను రోజులు, ఏ.ఈ.లకు వారానికి రెండు రోజులు. ఎస్.ఈ. గారికి మినహాయింపు. ఆయన విఫలమైతే వైఫల్యాలను పర్యవేక్షించేవారు ఉండరు.

"మనిషి లేకపోయినా పని ఆగరాదు. ఇదీ సిద్ధాంతం" అన్నారాయన మీటింగులో.

నా భార్య పోయి ఆరేళ్ళయింది. పని ఆగలేదు. వండుకుంటున్నాను, తింటున్నాను, పొలం పోతున్నాను. ఆ లెక్కన నేనూ పరీక్ష నెగ్గినట్టే. వండింది ఎలా ఉందని ఎవరూ అడగలేదు. వీళ్ళ ఫారంలో కూడా ఆ గడి లేదు.

మార్చి రెండో తేదీ సాయంత్రం ఉరుములతో నాలుగు చినుకులు పడ్డాయి. చేను తడవలేదు గాని ముప్పయ్యొకటో తూము పెట్టె మీద పిడుగు పడింది. షట్టరు మూసి ఉన్న వేళ అది చచ్చింది. మూసినది మూసినట్టే ఉండిపోయింది. ముప్ఫయ్యో పెట్టె, ముప్పయ్యిరెండో పెట్టె సంగతి వెంటనే గ్రహించి అందరికీ కబురు పంపాయి. కబుర్లు నిలుపుదలలో ఉన్నాయి.

మరుసటి ఉదయానికి కాలువలో నీళ్ళు లేవు. నా పైరు పొట్ట మీద ఉంది. వెన్ను బయటికి వచ్చే సమయం. పది పన్నెండు రోజుల్లో ఒక్క తడి పడితే గింజ, పడకపోతే తాలు. మోపెడ్ వేసుకుని ముప్పయ్యొకటో తూము దగ్గరికి పోయాను. చక్రం పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఖాసిం కూర్చుని ఉన్నాడు. భుజాన ఎర్రపట్టీ.

"ఖాసిం, షట్టరు పడిపోయింది. తిప్పు."

"నేను లేను మావా."

"ఎక్కడికి పొయ్యావు?"

"ఈ పదిహేన్రోజులు నేను ఫెయిలు. పొద్దున్నే వచ్చి ఫెయిలైనట్టు సంతకం పెట్టాల. సాయంత్రం దాకా ఫెయిలైనట్టు కూకోవాల. మధ్యాన్నం అన్నానికి గంట వదుల్తారు. ఆ గంటలో ఏం చేసినా ఇంట్లో చెయ్యాలంట, కాలవ మీద కాదంట."

"చక్రం తిప్పితే ఏమైద్ది?"

"పరీక్ష చెడగొట్టానని మెమో ఇస్తారు. ఇంతకుముందు తిప్పకపోతే ఇచ్చేవోళ్ళు. ఇప్పుడు తిప్పితే ఇస్తారు. మెమో మాత్రం మారలా."

"నువ్వు లే. నేను తిప్పుతా."

"గొలుసేసి తాళం పెట్టుంది గదా."

"తాళంచెవి ఏదీ?"

"నా జేబులోనే ఉంది. కానీ నేను లేను."

"ఉన్నావో లేవో, జేబు అయితే ఉంది గదా. తీసుకుంటా."

"లేనోడి జేబులో చెయ్యి పెడితే దొంగతనం కింద రాస్తారు మావా. నువ్వు పోలీసు స్టేషన్లో, నేను సస్పెన్షన్లో. చేనుకి నీళ్ళెవరు కట్టాల?" అని ఎర్రపట్టీ సర్దుకున్నాడు. "నీ పైరు ఎండతా ఉంటే నాకేమన్నా సంబరమా. ఇంకా తొమ్మిదేళ్ళు సర్వీసుంది. పొయ్యి ఏ.ఈ. సార్‌ని అడుగు."

ఏ.ఈ. చెన్నకేశవులు సెక్షను ఆఫీసులో ఉన్నాడు. మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. చెప్పిందంతా విని గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి వెతికాడు.

"ముప్పయ్యొకటో తూముకి జూలై పద్దెనిమిది మాలకొండయ్యా. పదింటి నలభైకి."

"నిన్న చెడిపొయ్యిందయ్యా."

"ఎట్టా చెడిపోద్ది? తేదీ రాలా గదా."

"పిడుగు పడింది."

"పిడుగు పడితే అది అనధికార వైఫల్యం. నేను ఒప్పుకున్నానంటే, నీ సెక్షన్లో అనుమతి లేకండా ఎట్టా ఫెయిలైందని నన్నే అడుగుతారు. పోనీ తదనంతర ఆమోదానికి రాస్తా. డి.ఈ., ఈ.ఈ., ఎస్.ఈ. మూడు సంతకాలు. నలభై ఐదు రోజులు."

"పైరు పొట్ట మీద ఉందయ్యా. పన్నెండు రోజులు దాటితే తాలు."

"తాలు వచ్చాక దానికి వేరే ఫారం ఉంది. అయితే అది మా దగ్గర కాదు, వ్యవసాయ శాఖ."

మూడు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. చెన్నకేశవులు అదే కుర్చీలో ఉన్నాడు, భుజాన ఎర్రపట్టీతో.

"సార్ ఇయ్యాళ ఫెయిలు" అంది గుమ్మంలో అటెండరమ్మ. "మాట్టాడకూడదు. నువ్వు చెప్పుకోవచ్చు. విన్నట్టు మాత్రం లెక్కలోకి రాదు."

కూర్చుని అరగంట చెప్పాను. పెట్టె గురించి, షట్టరు గురించి, ఖాసిం జేబు గురించి, నా మూడెకరాల గురించి. చెన్నకేశవులు నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. బాగున్న రోజున ఆయన ఇంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. వెళ్ళేటప్పుడు అటెండరమ్మ ఒక ఫారం ఇచ్చింది. 'సదరు ఉద్యోగి విఫలమైన దినమున సేవలలో మీరు గమనించిన తేడా ఏమి?' అని ఉంది. తేడా ఏమీ లేదని రాశాను.

ఆ ఫారం పైకి వెళ్ళి 'ఉత్తమ ఫలితం' కింద ఎక్కింది.

పిడుగు పడిన ఏడో రోజున నా చేను గట్టున షామియానా లేచింది. ఎవరైనా పోయారేమోనని ఊళ్ళోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎస్.ఈ. గారు జీపు దిగారు. వెనక ఒక పూలదండ, ఒక శాలువా, ఒక షీల్డు దిగాయి. అన్నిటికంటే వెనక ప్రణవి దిగింది.

నలభై రెండో తూముకు అవార్డు వచ్చింది.

ఎస్.ఈ. గారు కాగితం చదివారు. "మొత్తం నలభై రెండు తూములలో ఈ వారమున పరీక్షకు పూర్వము, పరీక్షా సమయమున, పరీక్షానంతరము నీటిమట్టమునందు లేశమాత్రమైనను మార్పు లేని తూము ఇది ఒక్కటే; మిగిలినవాటి వద్ద నిలవ నీరైనను హెచ్చుతగ్గులు చూపినది. పూర్వము సున్న. పెట్టె విఫలమైనప్పుడు సున్న. లస్కరు విఫలమైనప్పుడు సున్న. ఏ.ఈ. విఫలమైనప్పుడు సున్న. ఎట్టి ఆటుపోట్లకును చలించని ఈ స్థిరత్వము రాష్ట్రానికే ఆదర్శము."

పెట్టెకు దండ వేశారు. షీల్డు పెట్టె పక్కన పెట్టారు. కార్యదర్శినని నాకు శాలువా కప్పారు.

"అయ్యా, నీళ్ళు రాలా" అన్నాను.

"అదే కదండీ దీని ఘనత."

"ముప్పయ్యొకటి దగ్గర షట్టరు పడిపొయ్యిందయ్యా. అది ఎత్తితే వస్తయ్యి."

"నీళ్ళు వచ్చినాయంటే సున్న పోతుంది. సున్న పోతే గుర్తింపు పోతుంది. తొందరపడి కోరుకోకండి మాలకొండయ్యగారూ. చివరి ఆయకట్టు రైతాంగము యొక్క సహనమే ఈ వ్యవస్థకు వెన్నెముక. మీరు తట్టుకుంటున్నారు కనుకనే మేము పరీక్షించగలుగుతున్నాము."

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఊరివాళ్ళు కూడా కొట్టారు. ఎందుకు కొట్టారని తర్వాత అడిగితే, కూల్‌డ్రింకు ఇచ్చారు గదా అన్నారు.

శాలువా తీసి గట్టున పడేసి చేలోకి దిగాను. నేల నెర్రెలు విచ్చింది. నెర్రెలో చెయ్యి పెడితే మణికట్టు దాకా పోయింది. తల ఎత్తేసరికి ప్రణవి గట్టు దిగి వస్తోంది. మంచి చెప్పులు, మట్టి అయ్యాయి.

"ఇంకా ఎన్ని రోజులు ఆగుతుంది అంకుల్?"

"ఐదు. ఆరో రోజు అనుమానం."

ఒంగి నెర్రెలోకి చూసింది. "నేను చెప్పింది ఇది కాదు."

"నువ్వు చెప్పింది నేను విన్నాలేమ్మా. పది నిమిషాలన్నావు."

"మీరు అవునన్నా కాదన్నా సార్ వాళ్ళు ఫారంలో ఉన్నదే చేస్తారు. పరీక్షల ఫారం రాసింది నేనే." ఫోను తీసి నాకు చూపించింది. "ఇదిగో, ఏడో గడి. చెడిపోవడమంటే మూసుకుపోవడమే కాదు అంకుల్. తెరుచుకుని మూతపడకుండా ఉండిపోవడం కూడా చెడిపోవడమే. ఆ రకం పరీక్ష ఇంతవరకు ఒక్కటీ చెయ్యలేదు. ప్రతి రకమూ మార్చి ముప్ఫై ఒకటిలోగా ఒక్కసారైనా చేసి తీరాలని వాళ్ళే రూలు పెట్టుకున్నారు. ఎవరికీ గుర్తులేదు. శుక్రవారం శాఖ కమిషనర్ గారు కూడా పరీక్షలు చూడ్డానికి వస్తున్నారు."

"అయితే?"

"మీరు నీళ్ళు అడగొద్దు. వైఫల్యం అడగండి."

ఆ సాయంత్రమే దరఖాస్తు రాశాను. ఎక్కువేమీ రాయలేదు. 'ముప్పయ్యొకటో తూము పూర్తిగా తెరుచుకుని, ఎవరేమి చేసినా మూతపడకుండా చెడిపోవాలని చివరి ఆయకట్టు నీటి సంఘం తరఫున కోరుతున్నాము.' కింద సంతకం చేశాను.

మరుసటి రోజు ఎస్.ఈ. గారు నన్ను పిలిపించారు. దరఖాస్తు చేతిలో పట్టుకుని ఉన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. మా వైఫల్యాల మీద ఫిర్యాదు చేసినవారిని వేలమందిని చూశాను. వైఫల్యం కావాలని కోరిన పౌరుణ్ణి ఇప్పుడు చూస్తున్నాను. ప్రజాభాగస్వామ్యమంటే ఇది." పక్కకు తిరిగి, "కమిషనర్ గారి ముందు ఇదే చేసి చూపిద్దాం. గుడ్డలూ అవీ వద్దు. ఆయన ఐ.ఐ.టి." అన్నారు.

ఏడు రోజుల నోటీసు గడువును తత్కాల్ పద్ధతిలో మూడు రోజులకు తగ్గించారు. ఇంతలో చెన్నకేశవులు చేతులు నలుపుకుంటూ ఒక మాట చెప్పాడు.

"సార్, ముప్పయ్యొకటో పెట్టె పనిచెయ్యట్లేదు. పనిచెయ్యనిదాన్ని ఎట్టా ఫెయిలు చేస్తాం?"

"పనిచేయట్లేదా? ఎప్పటినుంచి?"

"ఇంకా తేదీ పడలేదు సార్."

ఎస్.ఈ. గారే దారి కనిపెట్టారు. 'ముప్పయ్యొకటో తూము పెట్టెకు వైఫల్య యోగ్యత కల్పించుట' అని ఫైలు తెరిచారు. విఫలం కావాలంటే ముందు పనిచేయాలి కాబట్టి దాన్ని బాగుచేయవచ్చు. తొమ్మిది రోజులుగా ఎవరికీ కనపడని పెట్టె దగ్గరికి గురువారం మధ్యాహ్నం ఒక వ్యాను, ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. మూడు గంటల్లో బాగైపోయింది.

పెట్టె కళ్ళు తెరిచింది. అటూ ఇటూ పెట్టెలను పలకరించి, కింది ఊళ్ళ వంతులు బాకీ ఉన్నాయని తెలుసుకుని, వెంటనే షట్టరు ఎత్తబోయింది. చెన్నకేశవులు గబగబా వెళ్ళి మోటారు స్విచ్చి కట్టేశాడు.

"రేపు ఫెయిలవ్వాల్సినదానివి" అన్నాడు పెట్టెతో, "ఇయ్యాళ పనిచేసి నా కొంప ముంచబాక."

శుక్రవారం పదిన్నరకు రాహుకాలం కనుక తొమ్మిదిన్నరకే ముహూర్తం పెట్టారు. కమిషనర్ గారు వచ్చారు. ఖాసిం కుర్చీలో ఉన్నాడు, అతని పదిహేను రోజులు ఇంకా పూర్తి కాలేదు. చెన్నకేశవులుకు శుక్రవారం వంతు, అతనూ పట్టీ కట్టుకున్నాడు. ప్రణవి ల్యాప్‌టాప్ మీద ఒక మీట నొక్కింది. ముప్పయ్యొకటో తూము షట్టరు పూర్తిగా పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. నీళ్ళు ఒక్క ఉదుటున కిందికి దూకాయి. కమిషనర్ గారు గడియారం చూసుకుని, బాగుంది అన్నారు. అందరూ బంగళాలో టిఫిన్లకు వెళ్ళారు. టిఫిన్ల తర్వాత ప్రజెంటేషను. ప్రజెంటేషను తర్వాత భోజనాలు.

నేను పార పట్టుకుని చేలో నిలబడ్డాను.

ఒంటిగంటకు చప్పుడు వినిపించింది. ముందు చెత్త వచ్చింది, ఎండుటాకులు, నురగ. తర్వాత నీళ్ళు. దండ వాడిపోయి ఉన్న పెట్టె పక్కనుంచి చేలోకి తిరిగాయి. నెర్రెలు నీళ్ళు తాగే చప్పుడు నాకు తెలుసు. బుడగలు లేస్తాయి. నేల ఊపిరి వదిలినట్టుంటుంది. మాట్లాడే మనిషి పక్కన లేదు కాబట్టి నేను మాట్లాడలేదు. గండి కొట్టి ఒక మడి, అది నిండాక ఇంకో మడి.

పరీక్ష పది నిమిషాలే. పది నిమిషాలకు మూయాలని ప్రణవి ఫారంలో రాసింది. కాకపోతే మూయమని ఎవరో ఒకరు సంతకం చెయ్యాలి. సంతకం చెయ్యవలసిన ఏ.ఈ. ఆరోజు విఫలం. నలభై రెండో తూము పెట్టె 'ఇక్కడ వంతుకు మించి నీళ్ళు ఉన్నాయి, ఇలా ఎన్నడూ లేదు' అని అందరి ఫోన్లకూ ఒకటికి పదిసార్లు పంపింది. సందేశాలు నిలుపుదలలోనే ఉన్నాయి. నాలుగింటికి, ఇంకా ఆర్పని ప్రజెంటేషను తెర మీద నలభై రెండో గడి ఎర్రగా మారడం కమిషనర్ గారే చూశారు. అదేమిటని అడిగారు.

తర్వాత జరిగింది ఖాసిం చెప్పాడు. ఎవరేమి చేసినా మూతపడకూడదని దరఖాస్తులో ఉంది కనుక ల్యాప్‌టాప్‌తో మూయడం కుదరదని ప్రణవి చెప్పిందట. మొట్టమొదటి ఫోను ఎస్.ఈ. గారిదే.

"ఖాసిం, షట్టరు దించు. వెంటనే."

"నేను లేను సార్."

"లేకపోవడమేమిటి, మాట్లాడుతున్నావు కదా."

"ఫోనెత్తడం గురించి సర్క్యులర్లో రాయలేదు సార్. చక్రం గురించే రాశారు. మీరు నన్ను ఉన్నట్టు ఒక కాగితం పంపిస్తే ఉంటాను."

కాగితం టైపు కొట్టి, నంబరు వేసి, జీపులో పంపేసరికి ఐదుంబావు. ఖాసిం కాగితం రెండుసార్లు చదివి, పట్టీ విప్పి మడతపెట్టి, తాళం తీసి షట్టరు దించాడు. ఆ వేళకు నా రెండెకరాల మడులు నిండాయి. మూడో ఎకరం గట్టు తడిసింది, అంతే.

మరుసటి రోజు ఉదయం ఎస్.ఈ. గారు స్వయంగా వచ్చారు. చెన్నకేశవులు ఫైలు పట్టుకుని వెనక నిలబడ్డాడు. ఆరోజు అతను బాగానే ఉన్నాడు. ఎస్.ఈ. గారు ముందు పెట్టె దగ్గరికి వెళ్ళి షీల్డు తీసి జీపులో పెట్టించారు. సున్న పోయింది. తర్వాత గట్టు మీద నిలబడి నా చేలోని నీళ్ళను చాలాసేపు చూశారు. నీళ్ళలో ఆయన నీడ ఉంది.

"ఇది మా శాఖ చరిత్రలోనే అతి తీవ్రమైన వైఫల్యము" అన్నారు. "ముప్పయ్యొకటో తూము వద్ద మొదలైన లోపము పదకొండు తూములు దాటి, చిట్టచివరి రైతు పొలము వరకు వ్యాపించినది. మధ్యలో ఎక్కడా ఎవరూ ఆపలేకపోయారు. కమిషనర్ గారు చాలా బాధపడ్డారు."

చెన్నకేశవులు ఒక కాగితం ఇచ్చాడు. పైన 'బాధితుని వాంగ్మూలము' అని ఉంది. నా పేరు, సర్వే నంబరు, మునిగిన విస్తీర్ణం రెండెకరాలు అని ముందే నింపి ఉంది.

"ఏం రాయాలి?"

"నువ్వేమీ రాయనక్కర్లా. సంతకం చాలు. నష్టం కింద ఏమన్నా చెప్తావా?"

"మూడో ఎకరానికి అందలా."

"అది నష్టం కిందకి రాదు. అక్కడ మన వ్యవస్థ బాగా పనిచేసినట్టు లెక్క."

సంతకం పెట్టాను. ఎస్.ఈ. గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. మనిషి నిజంగానే కుమిలిపోయి ఉన్నారు.

"మాలకొండయ్యగారూ, జరిగినదానికి శాఖ తరఫున చింతిస్తున్నాను. ఇటువంటిది మీ పొలములో ఇంకెన్నడూ జరగదు. ఇది నా వ్యక్తిగత హామీ."

రెండెకరాలు పండాయి. మూడోది తాలు పోయింది, కోసి గొడ్లకు వేశాను. ఆ తర్వాత మూడేళ్ళు గడిచాయి. నలభై రెండో తూముకు చుక్క రాలేదు. నా ఎరుకలో అధికారి ఒకరు నాకిచ్చిన మాట ఇచ్చినట్టు నిలబెట్టుకోవడం ఇదే మొదలు.